హోల్డాన్

పొద్దుగాల నాలుగున్నరకు
నా వేళ్లు నాకంటె ముందు లేస్తయి,
ఉబ్బి, ఎర్రగై,
ఒకదాన్నొకటి గుర్తుపట్టనట్టు.
చాయ్ గ్లాసును రెండు అరచేతుల నడుమ పట్టుకుంట,
పిల్లికూనను ఎత్తినట్టు.

పంతొమ్మిదేండ్లు ఈ వేళ్లే టికెట్లు చింపినయి
మెహదీపట్నం కెల్లి సికింద్రాబాద్ దాక.
చీకట్ల సుత చిల్లర లెక్కవెట్టినయి,
నకిలీ అయిదు రూపాయల బిళ్లను అంచు తడిమి పట్టినయి.
గిప్పుడు జాకెట్టు గుండీ పెట్టమంటె
వేరేవాళ్ల మొకం చూస్తున్నయి.

"ఎవరో దాడి చేసింది కాదమ్మా,"
అన్నది డాక్టర్ నిఖత్,
"నీ కాపలావాళ్లే
నీ కీళ్లను దొంగలనుకున్నరు."

పంజాగుట్ట దవఖాన, మూడో అంతస్తు.
మెట్రో పోయినప్పుడల్ల సెలైన్ స్టాండు సన్నగ వణుకుతది.
చాతి ఫోటో తీసి, టీబీ లేదని తేల్చినంకనే
సూది గుచ్చిండ్రు.
నాకు తెలిసేటట్టు చెప్పున్రి అన్న.
ఆమె మందుల చీటీ వెనుక రెండు గుండ్రాలు గీసింది.
కాపలా కణం కదలాలంటె రెండు సైగలు కావాలెనంట.
ఒకటి, వాడు దొరికిండు అని.
రెండోది, ఇగ పో అని.

నాకు నవ్వాగలే.
"మేడం, గది మా బస్సు బెల్లు కదా!
ఒక్కటి కొడితె ఏ డ్రైవరు కదులుతడు?
రెండు గుంజాలె తాడు."
"మరి ఆపాలంటె?"
"హోల్డాన్ అని ఒర్రుతం."
"లోపల సుత ఒక హోల్డాన్ ఉంటది," అన్నది,
"నీ ఒంట్ల దాని గొంతు బొంగురువోయింది.
ఈ సీసల మందు
రెండో బెల్లు తాడును
మెల్లగ పట్టుకుంటది. అంతే."

చుక్క. చుక్క.
అరగంట.

అయిదో అంతస్తుల గఫార్ భాయ్ ఉన్నడు.
నా డ్రైవర్.
ఒకసారి మాసబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ దిగుతుంటె బ్రేకు ఫెయిలైతె
గేరు దించుకుంట, దించుకుంట,
ఫుట్‌పాత్ అంచుకు చక్రం రాసి నిలవెట్టిండు.
అరవైమంది లోపల.
ఒక కాలేజీ పిల్ల చెప్పు తెగింది, గంతే.
ఆనాడు బీడీ ముట్టించుకుంట అన్నడు:
"తొక్కుడు అందరికొస్తది అండాళమ్మా,
కాలు ఎప్పుడు తియ్యాల్నో గదే రాదు."

షుగర్ కాలుకు చిన్న పుండు.
రక్తమంత విషమైంది.
మొదటి మూడు రోజులు ఇంజన్ లెక్క కాలిండంట,
ఇప్పుడు చల్లగున్నడు.
కాపలావాళ్లు పారిపోలేదు, ఉన్నరు,
కాని అలిసి, బ్రేకు మీద కాలువెట్టి,
తియ్యడం మర్చిపోయిండ్రు.
కొత్త పురుగొచ్చి పక్కకెల్లి పోతున్నా
చూస్తున్నరు.

నాకు లేనిది ఆయనకెక్కువైంది.
పంచుకునే వీలుంటె
సగం సగం చిల్లర ఇచ్చినట్టు ఇచ్చుకుందుము.

"ఆ కాలు లేపే మందు లేదా మేడం?"
"ఉన్నది, క్యాన్సరోళ్లకిస్తం.
ఇట్లాంటోళ్లకు ఇంకా పరీక్షలల్లనే ఉన్నది."
కొంచెం ఆగింది.
"అది పడ్డోళ్లల్ల కొందరికి
నీ లెక్కనే కీళ్లు పట్టుకున్నయి."

గప్పుడు నాకు నవ్వు రాలే.

సూది తీసినంక పైకెక్కిన.
మందు పడ్డది, లోపలికి పోవద్దు అన్నరు.
మాస్కు పెట్టుకుని అద్దం తలుపు కాడనే నిలవడ్డ.
పైపుల నడుమ ఆయన కుడికాలు ఒక్కటే కనవడుతుంది,
దుప్పటి బయట,
ఇరవై ఏండ్లు పెడల్ తొక్కి వంగిన కాలు.

వంకరవోయిన కణుపుతోని
అద్దం మీద కొట్టిన.
టక్.
టక్.

వాచ్‌మన్ ఉరికొచ్చి, కొట్టొద్దమ్మా అన్నడు.
అప్పటికే కొట్టిన.
కాలు కదిలిందా లేదా
మాస్కు ఆవిరికి సరిగ కనవడలే.
కణుపు మాత్రం
లక్డీకాపూల్ దాక సలుపుతనే ఉన్నది.