ఒంటికంటి తల్లులు

మైపాడు దాటినాక, సరుగుడు తోపుల వెనక
మా హేచరీ.
రాత్రి పదింటికి నా డ్యూటీ:
తల్లి రొయ్యను తడిగుడ్డలో పట్టుకుని
ఒక కన్ను, ఒకటంటే ఒకటే,
కాడ దగ్గర వేడి పటకారుతో నొక్కేయడం.
ఆ కాడలో ఏదో ఉంటుందంట,
'ఇప్పుడే వద్దు, ఇంకా ఆగు' అని కడుపుకు చెప్పేది.
అది పోతే
వారం తిరక్కుండా వీపు పొడుగునా నారింజ గీత,
గుడ్లు.

పదకొండేళ్లుగా చేస్తున్నా.
చెయ్యి వణికింది మొదటి వారమే.

చెల్లెలు సుభాషిణి ఇన్సులిన్
హేచరీ ఫ్రిజ్జులోనే పెడతా, అర్తీమియా డబ్బాల పక్కన.
ఇంట్లో ఫ్రిజ్జు ఉంది, కరెంటు మీదే నమ్మకం లేదు.
ఎనిమిదేళ్లప్పుడు పట్టుకుంది దానికి చక్కెర.
ఇప్పుడు ఇరవై నాలుగు.
పొట్ట మీద సూది పడని చోటు కోసం
రోజూ వేళ్లతో తడుముకుంటుంది.
మొన్నటినుంచి ఎడమ కంట్లో
ఈగలు ఎగురుతున్నాయంటుంది.

ఆదివారం నెల్లూరు మెడికల్ కాలేజీలో సభ.
రోగుల తాలూకు వాళ్లూ రావచ్చన్నారు.
వెనక వరసలో కూర్చున్నాం.
తెర మీద ఒక గుడ్డు.
దాని నడిమి గింజ తీసేసి
రోగి చర్మంలోని గింజను అందులో నాటుతారంట.
అయిదారు రోజులు పెరగనిచ్చి, విడదీసి,
ఇన్సులిన్ ఊరే కణాలు చేసుకోవచ్చంట.
'మనిషిని చేయడం కాదు, మందు చేయడం'
అన్నారు డాక్టర్ ఇనాయతుల్లా.
'మందు కాకముందు అదేంటి?' అన్నారు
కోవూరు పాస్టర్ ఏసుపాదం, గొంతు పెంచకుండానే.
ఒక మేడమ్ పద్నాలుగు రోజుల హద్దు గురించి చెప్పింది.
అప్పటిదాకా నొప్పి తెలిసే నరం ఒక్కటీ ఉండదంట.

పద్నాలుగు రోజుల్లో
నా ట్యాంకులో నాప్లి జోయా అయి, మైసిస్ అయి,
పిల్లయి, ఎదురు నీటికి ఈదుతుంది.
వైరస్ తేలినరోజు క్లోరిన్ పోసి
ఇరవై లక్షల పిల్లల్ని ఒక్క సాయంత్రం కాలవకు వదిలినా.
ఇంటికొచ్చి చారన్నం తిన్నా.
ప్రాణం ఎప్పుడు మొదలవుతుందని
నన్ను మాత్రం అడక్కండి.

లేచి ఒకటే అడిగినా:
'గుడ్డు ఎవరిది సార్?'
కాసేపు ఫ్యాన్ల చప్పుడు.
'దాతలది. పది రోజులు సూదులు,
తర్వాత మత్తిచ్చి తీస్తారు. ప్రమాదం తక్కువే.'
'ఒకటి చాలుతుందా?'
'చాలదమ్మా. ఎన్ని కావాలో ఇంకా...'
'డబ్బిస్తారా?'
ఇస్తే ఒక తప్పు, ఇవ్వకపోతే ఇంకో తప్పు అని
వాళ్లలో వాళ్లే మొదలుపెట్టినారు.
అంతసేపూ ఆ చుక్క గురించే,
కాపాడాలనో, వాడాలనో.
చుక్క ఏ ఒంట్లోంచి వస్తుందో
ఆ ఒంటికి వేదిక మీద కుర్చీ వేయలేదు.

బస్సులో చెల్లెలు అనింది:
'అది వచ్చేసరికి నేనుంటానో లేదో.
వచ్చినా నీ గుడ్లు నాకొద్దు.'
'ఎందుకు మే?'
'నువ్వు రొయ్యవి కాదు.'
కిటికీ వైపు తిరిగింది.

నేను మాట్లాడలా.
అడిగితే ఇస్తా. అడక్కముందే ఇస్తా.
కానీ పొద్దున్నే హేచరీ గేటు ముందు
కూలి కోసం నిలబడతారే ఆడోళ్లు,
క్యారియర్లు చంకన పెట్టుకుని,
వాళ్లనడిగితే?
వాళ్లూ అడక్కముందే ఇస్తారు.

పోయిన రొట్టెల పండక్కి
స్వర్ణాల చెరువులో మోకాటిలోతున నిలబడి
ఆరోగ్య రొట్టె పట్టుకున్నా దాని కోసం.
ఇచ్చినామె ఎవరో తెలియదు.
తన బిడ్డకు నయమైందని మాత్రం చెప్పి
నీళ్లలో నడుచుకుంటూ పోయింది.
ఆమె దగ్గర ఏం తీసుకున్నానో నాకు తెలుసు: ఒక రొట్టె.
ఆమెకేం తగ్గలా.

రాత్రి పది.
తొట్టిలో ముప్పై ఆరు తల్లులు.
ఒకదాన్ని తడిగుడ్డలోకి తీసుకున్నా.
అది నావైపు చూసిందని అనను,
రొయ్యలు అలా చూడవు.
కానీ పటకారు వేడెక్కేలోపు
ఏ కన్ను తీయాలా అని
ఆగినా.

సూపర్‌వైజర్ కేకేసినాడు.
ఎడమది తీసినా.