నూట నలభై మూడో పేజీ

ఆదోనిలో జిన్నింగు మిల్లు ఎదురుగా
మా అద్దె పుస్తకాల అంగడి.
దినానికి మూడు రూపాయలు, పేజీ చినిగితే పది.
ఎండాకాలం దూది ఎగిరొచ్చి అట్టల మీద వాలుతుంది,
కొంగుతో తుడిచి బీరువాలో సర్దుతాను.

రెండువందల పదహారో నంబరు మాత్రం
బీరువాలో నిలవదు.
బెంగుళూరు రాక్ బ్యాండు పాటగాని కథ.
వానికి గిటారుంది, భుజాల దాకా జుట్టుంది,
చిన్నప్పుడే బావిలో పడి పోయిన తమ్ముడున్నాడు,
ఆ తమ్ముని పేరు చెప్పి తాగే సీసాలున్నాయి.
నూట నలభై మూడో పేజీలో
గిటారును గోడకేసి కొడతాడు.
పేజీ తిప్పితే ఆ పిల్ల
చెక్కపేళ్ళు ఏరుకుంటా
"నిన్ను నేను బాగు చేసుకుంటా" అంటుంది.

ఆ రెండు పేజీల అంచుల్లో
ఇంక తెల్లకాగితం లేదు.
పెన్సిలుతో, కాటుకపుల్లతో,
మిల్లులో మూటలకు నంబర్లేసే నీలం పెన్నుతో
పదకొండేండ్లుగా ఆడోళ్ళు వాన్ని
పంచాయితీకి నిలబెట్టినారు.

"పాపం, మనసు వెన్న"
అని డిగ్రీ చదివే ఫర్జానా,
పక్కన ఒక గుండె బొమ్మ,
అందులో చెరిపేసినా కనపడే ఒక అక్షరం.

"వెన్నయితే గోడకు కొట్టినా సప్పుడు రాదు పాపా"
కిందనే సర్కారాసుపత్రి నర్సు సుగుణమణి.

టైలరు మద్దిలేటమ్మకు రాయను రాదు,
కూతురు చదివితే వింటుంది.
కుట్టుమిషను ఆపి నన్నే అడిగింది:
"ఆ పిల్లకు జీతమెంతమ్మా?
ఇంటి బాడుగ ఎవరు కడతాండారు?
అంత లావు పుస్తకంలో యాడా చెప్పల్యా!"

గింజ ఏరే కూలి ఉరుకుందమ్మ
రాత్రి షిఫ్టు దిగి నిద్రకండ్లతో రాసింది,
అక్షరాలు ఎగుడుదిగుడు, గట్టిగా ఒత్తి:
"తాగితే తాగనీ. ఆమె మీద పాట కట్టినాడు.
నా మీద ఎవరు కట్టినారు?"

దానికి బాణం గీసి మళ్ళీ సుగుణమణి:
"పాట వాడు కడతాడు,
తలకు కట్టు నేను కడతా."

బాణానికి ఎదురుబాణం, తిట్టు మీద తిట్టు.
ఒకసారి ఇద్దరూ అంగట్లోనే ఎదురుపడినారు,
ఒకరెవరో ఒకరికి తెలీక
కుర్చీ జరుపుకోని మర్యాదగా కూర్చున్నారు.
నేను నోరు మెదపలేదు.

పెండ్లిండ్లకు పోయే ఆర్కెస్ట్రాలో
కీబోర్డు వాయించే ఖాజా పెండ్లాం మాబున్ని
పంతొమ్మిది దినాలు పెట్టుకుంది ఆ పుస్తకం.
యాభై ఏడు రూపాయలు, అన్నీ చిల్లరే,
లెక్కపెట్టి బల్ల మీద పోసి పోయింది.
ఆమెకైతే తెలుసు కదా, ఏమి రాసిందో అని
నూట నలభై మూడు చూసినా. ఏమీ లేదు.
నూట నలభై నాలుగు. లేదు.
వారం తర్వాత దొరికింది, అరవై ఒకటిలో,
వాడు తెల్లారి హోటలు గదిలో లేచే చోట,
చీమంత అక్షరాలు:
"ఇంతవరకూ వీడు ఒక్క ముద్ద తిన్నట్టు రాయలేదు."

అది తిట్టో, దిగులో
ఇప్పటికీ తేల్చుకోలేను.

నా మాట అడగలేదు ఎవరూ.
పగలు చదివితే వాని మీద కోపం,
రాత్రి చదివితే నేనూ పేళ్ళు ఏరుతాను.
మా ఆయన పళ్ళెం కూడా సప్పుడు కాకుండా పెట్టేవాడు.
ఏ నొప్పి మింగినాడో
నాకు చెప్పకుండానే పోయినాడు.
ఒక్క గ్లాసన్నా పగలగొట్టింటే
ఏందని అడిగిందును.
ఈ మాట రాద్దామంటే అంచులో జాగా లేదు.

మొన్న కుట్టు ఊడింది.
బైండింగు నబీ రసూల్ పుస్తకం తిప్పి చూసి,
"అంచులు గలీజైనాయక్కా,
వేలెడు కోసేస్తే కొత్తదయితాది" అన్నాడు,
కత్తి అప్పటికే చేతిలో ఉంది.

కొయ్యొద్దన్నాను.
లోపల కథ ఊడిపోయినా సరే, అంచు ముట్టుకోవద్దన్నాను.
"దారం బయటికి కనపడతాదే!"
కనపడనీ.

బయట మెట్ల మీద ఫర్జానా చెల్లెలు,
పిడికిట్లో మూడు రూపాయలు,
చెవి మీద పెన్సిలు.