ఇరవయ్యో తేదీ

పేపర్లో బొటనవేలంత ప్రకటన.
“జీఎస్టీ, టాలీ తెలిసినవారు కావలెను. ఒక్క పోస్టు.
జీతం అర్హతను బట్టి. బైకు తప్పనిసరి.”
కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నా.
ఏం కాగితమది అని ఇంట్లో అడిగితే
కరెంటు బిల్లన్నా.

ఎర్రముక్కపల్లెలో మేడమీద ఆఫీసు.
నాపరాళ్ళ కంపెనీ, మెట్లూ నాపరాళ్ళే.
ఎండకు కాగి, చెప్పుల్లోంచి పలకరిస్తున్నాయి.
కుర్చీలు ఏడు, మనుషులు ముప్పై ఒక్కరు.
బీటెక్ పిల్లోళ్ళు, ఎంకాం పిల్లోళ్ళు,
బిడ్డను భుజానేసుకొచ్చిన దస్తగిరమ్మ,
గోడకానుకొని నేను, నలభై ఏడేండ్ల కొత్తోణ్ణి.
వాళ్ళ ఫారంలో అనుభవం గడి ఐదేండ్ల కాడ ఆగిపోయింది.
మిగతా పంతొమ్మిదేండ్లు యాడ రాయాలో
అడగడానికి సిగ్గేసింది.

సుబ్బనరసయ్య సారు దగ్గర చేరినప్పుడు
దీని పేరు సేల్స్ ట్యాక్సు.
షావుకార్లు సీ ఫారాల్ని
ఇనప్పెట్టెలో నగల పక్కన దాచేవాళ్ళు.
వే బిల్లులో అంకె తప్పితే
చెక్‌పోస్టు కాడ లారీ తెల్లార్లూ నిలబడేది,
దాని పక్కన నేను.
ఏ ఆఫీసరుకు టీలో చక్కెర పడదో
ఏ ఆఫీసరుకు నిజం పడదో
నాకు నోటికొచ్చు.
వ్యాట్ వచ్చింది, మళ్ళీ పలక పట్టినా.
ఒక జూలై అర్ధరాత్రి జీఎస్టీ వచ్చింది.
తెల్లారి చూస్తే చెక్‌పోస్టు కర్ర పైకి లేచి ఉంది,
మళ్ళీ కిందికి దిగలా.
పీడ పోయిందన్నారు అందరూ. నేనూ అన్నా.
ఆ కర్ర కిందే నా కూడుందని
అప్పుడెవరనుకున్నారు?

లోపల పరీక్ష.
కొనుగోళ్ళ పట్టీ ఒకపక్క, పోర్టలు లెక్క ఒకపక్క,
రెండూ పొంతన పెట్టాలి. పది నిమిషాలు.
దస్తగిరమ్మ ఆరు నిమిషాలకే చేతులు దులుపుకుంది.
యాడ నేర్చుకున్నావమ్మా అంటే
“ఫోన్లోనే అన్నా, మా అత్త పండుకున్నాంక.”
నేను మూడో వరుస కాడే ఆగిపోయినా.
తాడిపత్రి డీలరు, పాలిషింగ్ పౌడరు,
నాలుగు లక్షల చిల్లర.
అంకెలన్నీ కుదిరినాయి. మనిషే కుదర్లా.

“సార్, ఈయన పోయి రెండేండ్లాయె.
పాడె పట్టినోళ్ళలో నేనొకణ్ణి.
పోయిన నెల బిల్లు ఎవరు కొట్టినారు?”

ఏసీ చప్పుడు ఒక్కటే వినబడింది.
మేనేజరు ల్యాప్‌టాప్ మెల్లగా మూసినాడు,
నిద్రపోయినోళ్ళ మీద దుప్పటి కప్పినట్టు.
“మీకు ఫోన్ చేస్తాం.”
నాకు తెలుసు, ఆ మాటకు గడువు తేదీ ఉండదు.

కిందికొచ్చి కారం దోసె తిన్నా.
కండ్లలో నీళ్ళు కారానివే.

ఉద్యోగం ఆ పిల్లకే వచ్చింది.
తొమ్మిదిన్నర వేలు, పెట్రోలు వాళ్ళదే.
మంచిదే, ముప్పై ఒక్కరిలో
ఒకరి పొయ్యన్నా వెలిగింది.
నాకు ఒక గాజుల కొట్టు, రెండు మందుల షాపులు,
నెలకు ఐదారు వందల చొప్పున.
వాళ్ళూ నిద్రొచ్చేదాక బిల్లులియ్యరు.

ఈ ఇరవయ్యో తేదీ రాత్రి పదకొండు దాటినాంక ఫోను.
వెనకాల బిడ్డ ఏడుస్తోంది, ఎవరో సముదాయిస్తున్నారు.
“అన్నా, ఆ తాడిపత్రి బిల్లు మళ్ళీ వచ్చింది.
ఈసారి ఆరు లక్షలు.
ఎక్కించమంటున్నారు.
నా మొదటి జీతం ఇంగా పడలా.”

ఏం చెప్పాల?
పాతికేండ్లలో షావుకార్లకు చెప్పిన సలహాలన్నీ
ఒక్కొక్కటే తీసి చూసుకున్నా.
ఒక్కదానికీ ఆ పిల్ల కొలత లేదు.

“ఓటీపీ వచ్చేసిందన్నా.”
ఎంతసేపుంటుందమ్మా?
“పది నిమిషాలు.”

చెక్‌పోస్టు కాడైతే
తెల్లారేదాకా టైముండేది.