రెండు గీతల తర్వాత

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, టైర్ల షాపు మీద
మా ఇన్‌స్టిట్యూట్.
కింద రబ్బరు వాసన, పైన పద్నాలుగు సిస్టమ్‌లు.
మూడు పనిచెయ్యవు.

దమయంతి గార నుంచి తొలి బస్సుకి వచ్చేది
వాళ్లమ్మ చేపల బుట్టతోపాటు.
అమ్మ మార్కెట్ దగ్గర దిగిపోయేది,
ఈమె మా మెట్లెక్కేది.
పంతొమ్మిదేళ్ల పిల్లల మధ్య ముప్ఫై దాటిన మనిషి
ఆరో నంబరు ముందు కూర్చుని
ఒక్కో అక్షరాన్నీ వెతికి వెతికి నొక్కేది,
బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు.

ఆవేళ చెయ్యెత్తింది.
"సార్, సమానం గుర్తు ఓపాలి ఒకటెడతారు, ఓపాలి రెండెడతారు.
ఏటండీ తేడా?"

ఆమె తెర మీదికి వంగాను.
కానాగంత, కవళ్లు, పండుగప్ప.
లెక్కలకి చేపల పేర్లు పెట్టుకుంది.
గట్టిగా చదివాను, అందరికీ వినపడేలా.
క్లాసు నవ్వింది.
ఆ నవ్వు నాకు నచ్చింది.
"మూడు వారాలైంది. ఇంకా సమానం దగ్గరే ఉన్నావా?
పుస్తకం తెరిచావా అసలు?"

ఎత్తిన చెయ్యి దించడానికి
అంతసేపు పడుతుందని నాకు తెలీదు.

సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు.
ఫీజు కట్టేసింది కనుక ఆఫీసులో ఎవరూ అడగలేదు.

నిజం చెప్పాలంటే,
పన్నెండేళ్ల కిందట, అమీర్‌పేటలో ఒక ఇరుకు గదిలో
"నాకు తెల్దండి" అన్నందుకు
నా యాస నాకే పలికి చూపించాడొకాయన,
వందమంది ముందు.
ఆ చిల్లర ఇన్నాళ్లూ జేబులో మోసి
గార నుంచి వచ్చిన మనిషి చేతిలో పోశాను.
ఆయనకి ఇవ్వాల్సిన బాకీ.
దారిలో దొరికినవాళ్లకి తీర్చేశాను.

నెలాఖరున సిస్టమ్‌లు తుడిచే పని నాది.
ఆరో నంబరులో ఒక ఫైలు మిగిలింది.
రెండు గీతలు గీసి వాటి వెనక ఏం రాసుకున్నా
యంత్రం చదవదు, దాటిపోతుంది.
మొదటి రోజే చెప్తాం అది.
మిగతావి మర్చిపోయిందో ఏమో గాని
ఆ మాట ఆమె గట్టిగా పట్టుకుంది.
ఇంగ్లీషు అక్షరాల్లో, మా ఊళ్ల తెలుగులో:

// తప్పు తొమ్మిదో వరసలో అంటంది. తొమ్మిదిలో ఏటీ నేదు.
// సార్ని అడగాల.
// బ్రాకెట్టు ఇక్కడ మూయకపోతే అదెక్కడో దూరంగా ఎందుకరుస్తాది?
// సార్ బిజీ. రేపడుగుతాను.
// నాను గుణించేలోపు అమ్మ నోటిలెక్క అయిపోతంది.
// సమానం ఒకటా, రెండా? ఇది చిన్నది. ఇదైతే అడగొచ్చు.

ఇరవై మూడు వరసలు.
అందులో అడిగింది, ఆ చిన్నదొక్కటే.

తప్పు ఏ వరసలోనో యంత్రం కూడా చెప్తుంది,
సరిగ్గా చెప్పలేకపోయినా.
నేను వరస చెప్పలేదు.
మనిషినే తప్పన్నాను.

ఫైలు తుడవలేదు.
రాత్రి షట్టరు దించాక
ఒక్కో ప్రశ్న కిందా రెండు గీతలు గీసి రాస్తూ వచ్చాను.

// కుళాయి మూయనిది మేడ మీద. నీళ్లు కనబడేది కింది వాటాలో. పైకెళ్లి వెతుకు.
// ఒక సమానమంటే బుట్టలో వెయ్యడం.
// రెండు సమానాలంటే, బుట్టలో ఉన్నది ఇదేనా అని అడగడం.

అక్కడ ఆగిపోయాను.
వెయ్యడానికి ఒకటి చాలు.
అడగాలంటే రెండు కావాలి,
పక్కపక్కన, ఒకే పొడుగువి.
ఇన్నేళ్లు ఇదే నేర్పుతూ ఇది చూడనేలేదు.

ఆదివారం మార్కెట్‌కి వెళ్లాను.
రాజాం పక్క మెట్ట ఊరు మాది,
ఏది కానాగంతో ఏది కవళ్లో నాకు తెల్దు.
ఆమె తల్లినే అడిగాను.
ఆవిడ నవ్వలేదు.
ఒకటి తీసి నా అరచేతిలో పెట్టి
"ఈపు మీద సారలు సూడు బావూ" అంది.
నేనెవరో చెప్పలేదు.
అర కిలో తీసుకుని వచ్చేశాను.

ఆరో నంబరులో ఇప్పుడు మూడు బ్యాచీలు కూర్చుంటాయి.
ఫైలు ఎవరు తెరుస్తున్నారో నేను చూడను.
నిన్న చివర ఒక కొత్త వరస కనిపించింది.
వీటికి చేతిరాత ఉండదు, ఎవరిదో పోల్చలేం.

// మూడు సమానాలు కూడా ఉంటాయంట. నిజమేనా సార్?