కళంకి

టాటా బెంజ్ చౌక్ వెనక సందులో
మా రేకుల షెడ్డు.
సుదాము పాత్రో గారి అంబాసిడర్
గోపాలపురం నుంచి
తాడు కట్టించుకుని వచ్చింది.
పదకొండేళ్లు సముద్రానికి ఎదురుగా నిలబడ్డ బండి.
ఉప్పుగాలి తిన్నంత తిని
ఒదిలేసింది మాకు పంపింది.

"పైపైన కొట్టేసి ఇవ్వండి," అన్నారాయన
సగం ఒడియా, సగం తెలుగు.
"రథయాత్రలోగా అమ్మేస్తాను."

దండాసి సుత్తి పిడితో తలుపు కింద తట్టాడు.
ఇనుమైతే మోగాలి.
ఇది దగ్గింది.

గీకడం నా పని.
ఎనభై నంబరు కాగితం, నీళ్లు, బొటనవేలు.
పైన తెలుపు. దాని కింద
ఎవరో డాక్టరు నాటి లేత ఆకుపచ్చ,
ఆ కింద నలుపు, దాని సంగతి ఎవరికీ తెలీదు.
ఒక చోట మూడూ కలిసి
ఉల్లిపాయ అడ్డకోతలా తేలాయి.
చూస్తూ కాసేపు చెయ్యి ఆపేశాను.

"ఎంత కళంకి!" అన్నాడు కాళియా, మా కుర్రాడు.
వాడి భాషలో తుప్పుకి అదే పేరు.
మా ఇంట్లో ఆ మాట
ఇనుముకి వాడం.

తలుపు కింద పుట్టీ పెళ్ల లేచింది,
అరంగుళం మందం.
లోపల వేలికి మెత్తగా ఏదో తగిలింది.
లాగాను. పేపరు.
తుప్పునీళ్లు తాగి తాగి డికాషను రంగుకి తిరిగింది.
కన్నంలో ఉండచుట్టి కుక్కి, పైన పుట్టీ మెత్తి,
రంగు కొట్టి పంపేశారు.
"ఏ షెడ్డోడి పనో," నవ్వాడు దండాసి.
ఒడియా పేపరైతే నేనూ నవ్వేవాణ్ణి.

తెలుగు అక్షరాలు.
ఈ బజార్లో రైల్లో దిగే తెలుగు పేపరు
కొనే షెడ్డు ఇదొక్కటే.
అంచున పెన్సిలుతో
అ ఆ ఇ ఈ.
ఇ తలకిందులుగా.

ఇందుమతి.
బళ్లో ఎలాగూ ఒడియాయే కదా అని
రాత్రుళ్లు నేను కూచోబెట్టి దిద్దించాను.
రెండు నెలలు. తర్వాత ఓపిక చాల్లేదు.

బ్రోకరు కూడా గుర్తొచ్చాడు, దసరా ముందు.
"పైపైన కొట్టేసి ఇవ్వు." అదే మాట.
ఆకుపచ్చ మీద తెలుపు నేనే కొట్టాను,
తెలుపు కొట్టాక అంబాసిడర్లన్నీ ఒకటే.
రెండు రోజులు, నాలుగు వేలు.
కొనేవాడెవరని అడగలేదు.
కొనేవాడికి ఒక పేరుంటుందని
అప్పట్లో తట్టలేదు.

పాత్రో గారు బయట స్టూలు మీద
టీ ఊదుకుంటున్నారు.
చెబుదామనే లేచాను.
చేతిలో కాగితం తడికి చిరిగి
అంచు ముక్క మిగిలింది.
"ఎన్నాళ్లు పడుతుంది?"
"పన్నెండు రోజులండి."
"పైపైనే కదా?"
"రేకు కొయ్యాలి. కోతకి డబ్బులొద్దు."
ఉత్తినే చేస్తానన్నవాణ్ణి చూసినట్టే చూశారు,
అనుమానంగా.

దండాసి గ్యాసు వెలిగించాడు.
తుప్పున్నంత వరకే కొయ్యకూడదు.
ఇంకో రెండు వేళ్లు అవతల,
బాగున్న ఇనుములో కొయ్యాలి.
ఆ రెండు వేళ్ల దగ్గరే
ఎవడి చెయ్యైనా వెనక్కి పోతుంది.

కొత్త రేకు అతికాక అడుగున రెండు బెజ్జాలు ఒదిలాం,
నీళ్లు దిగిపోడానికి.
ఆ పైన రెడ్ ఆక్సైడ్.
ఎండినంతసేపూ బండి
చర్మం వలిచిన జంతువులా నిలబడింది.
మళ్లీ తెలుపే కావాలన్నారు ఆయన.

మూడు రోజులు ముసురు.
తేమలో కొడితే రంగు మబ్బుపడుతుంది,
ఖాళీగా కూచున్నాం.
అంచు ముక్కకి ఫోటో తీసి
కటక్‌లో ఉన్న ఇందుమతికి పంపించాను.
జవాబు ఒడియాలో వచ్చింది.
కాళియా చదివి చెప్పాడు:
"మూడోది ఏం అక్షరం, నాన్నా?"

పాత్రో గారికి ఇంకా చెప్పలేదు.
మధ్యాహ్నానికి ఎండ కాసింది.
కంప్రెసర్ వెయ్యమన్నాను.