స, శ, ష

గ్దీనియా రేవు వెనక, మెట్లు దిగితే నా దుకాణం.
పైన ట్రాలీబస్సు తీగలు గీసుకున్నప్పుడల్లా
లోపల పాత రేడియోలన్నీ ఒక్కసారి
గొంతు సవరించుకుంటాయి.

నవంబరు చివర, మూడున్నరకే చీకటి.
స్పీకర్లు రెండూ దుప్పట్లో చుట్టి
చలికి వణికే పసివాళ్ళని తెచ్చినట్టు తెచ్చాడు సెవెరిన్.
ఓడల్లో ఇంజను గదిలో ముప్పై ఏళ్ళు చేసినవాడు,
చెవులు పోయుండాలి నిజానికి.
"పోలేదు" అన్నాడు, "అదే కదా బాధ.
స అంటే చాలు, సూది."

మా భాష నిండా స, శ, ష లే.
నీళ్ళు చల్లిన పెనంలా మాట్లాడతాం,
ఎండుటాకుల్లో నడిచినట్టు తిట్టుకుంటాం.
దానికి అల్యూమినియం ట్వీటరు తోడైతే
ఇక అడగక్కర్లేదు.

వెంటనే ఏదీ అమ్మలేదు. ఇంటికెళ్ళి చూశాను.
ఏడో అంతస్తు. సముద్రం వైపు గోడంత కిటికీ.
నున్నటి పలకల నేల, ఒక్క కుర్చీ,
పరదా లేదు.
ధ్వని ఎక్కడ కూర్చుంటుంది పాపం?
గాజుకి కొట్టుకుని, గోడకి కొట్టుకుని
తిరిగి మనిషి మొహానే వచ్చి పడుతుంది.

"వెండి వైరు కొనమన్నారెవరో."
వెండి వైరు మెత్తబరిచేది నీ పర్సునే, అన్నాను.

ముందు తివాచీ. తర్వాత మందపాటి ఉన్ని పరదా.
స్పీకర్ల మొహాలు కాస్త పక్కకి తిప్పాను,
కళ్ళలోకి చూస్తూ గట్టిగా మాట్లాడేవాళ్ళని
ఎంతసేపని భరిస్తాం?
అతని ఆంప్లిఫయరు తీసి నా వాల్వుల పెట్టె పెట్టాను:
నాలుగు గాజుబుడ్లు, లోపల నిప్పుకళ్ళు,
వేడెక్కడానికి పది నిమిషాలు నసుగుతుంది.
ఆఖరికి ట్వీటర్లే మార్చేశాను.
పట్టు గుమ్మటాలు, వేలు తగిలితే సొట్టపడేంత మెత్తన.
తీగ మధ్యన చిన్న రెసిస్టరు, ఒకే ఒక్క ఓమ్,
కూరలో చిటికెడు ఉప్పు తగ్గించినట్టు.

ఇప్పుడు వెయ్యి, అన్నాను.

పాట వేస్తాడనుకున్నాను.
వాతావరణం వేశాడు.
నలభై ఏళ్ళ కిందటి రేడియో టేపు,
జాలర్ల కోసం ఆడగొంతు ఒకటి అలల ఎత్తు చదువుతోంది.
వాయవ్యపు గాలి, ఆరు. సాయంత్రానికి ఏడు.
వెన్న. ఒక్క ముల్లు లేదు.
నాకు నేనే శభాష్ అనుకున్నాను.

అతను లేచి స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.
"మా అక్క, హల్ష్కా.
పదేళ్ళప్పుడు మంచు మీద జారి ముందుపన్ను సగం విరిగింది.
ఆ సందులోంచి ప్రతి స కీ చిన్న ఈల.
స్టేషన్లో గొణిగేవాళ్ళు. కట్టించుకోలేదు.
తుఫాను రాత్రి, గరగరలో మాటలు అందకపోయినా
పడవల్లో వాళ్ళు ఈలని పోల్చేవాళ్ళట.
హల్ష్కా ఉంది, అంటే ఒడ్డుంది అని.
అది ఏదీ?"

పంటికింద రాయని ఏరి పారేశాను.
అది పన్నేనని నాకేం తెలుసు?

ఆ సాయంత్రమంతా వెనక్కి నడిచాం.
రెసిస్టరు పీకేశాను. లేదు.
పరదా మూరెడు జరిపాను. లేదు.
స్పీకర్లు ఇటు తిప్పు... ఇంకాస్త... ఆగు.

వచ్చింది,
తలుపు కింది సందులో గాలిలా సన్నగా.
దాని కొంగు పట్టుకుని సూది కూడా వచ్చింది,
మునుపంత కాదు గానీ.
మొహం చిట్లించాడు. చెయ్యి ఎత్తాడు,
చాలనో, ఉండనిమ్మనో.

వాయవ్యపు గాలి, ఆరు.
మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ. ఆరు.

వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి
ఆ రెసిస్టరుని నా అరచేతిలో పెట్టాడు.
"నీ దగ్గరే ఉంచు.
ఇంకో అయిదారేళ్ళకి
నా చెవులే ఆ పని చేస్తాయి."