పాపిట

పొద్దున ఆరుకే కల్యాణకట్టలో కూర్చుంటాను.
సగం బ్లేడు, మగ్గులో నీళ్ళు, టోకెన్ల కుప్ప.
మధ్యాన్నానికి నలభై తలలు.
పిల్లోళ్ళు కెవ్వుమంటారు, పెద్దోళ్ళు గోవిందా అంటారు,
తడి జుట్టు నా మోకాలి మీద పడి బరువుగా జారతాది.
ఎవురూ నా తల చూడరు.
వంచిన మెడకు పైన ఎవరుండేదీ
ఎట్లా తెలుస్తాది?

మా ప్రసూన చూసింది,
ఇస్కూలు ఫొటోకని జడేస్తా ఉంటే, అద్దంలో:
"అమ్మా, నీ పాపిట ఘాట్ రోడ్డంత అయింది."
ఘాట్ రోడ్డుకు టోల్‌గేటు అలిపిరిలో.
నా రోడ్డుకు ఎయిర్ బైపాసులో,
రెండో అంతస్తు, చెప్పులు బయట.
విడతకు నాలుగున్నర వేలు, నెలకొకటి, నాలుగు విడతలు.
చీటీ పాడినాను.
గ్యాసు స్టవ్వుకని ఇంట్లో చెప్పినాను.

నర్సు రెడ్డెమ్మ మోచేతి మడత తట్టి నరం ఎతికింది.
నా రగతం చిన్న గొట్టాల్లో, గొట్టాలు గిర్రున తిరిగే పెట్టెలో.
ఆగినాక చూస్తే కింద ఎరుపు,
పైన పల్చటి ఆముదం రంగు.
"ఇదే ఎరువు" అనింది.
"మరి విత్తనం?"
"అది నీకాడ ఉండాల తల్లీ."

తిమ్మిరి మందు పూసినా తెలస్తానే ఉండాది.
నుదుటికాడ మొదలై వెనక్కి, పాపిట పొడుగునా
సూది సూదికీ చింతగింజంత మంట.
లెక్కపెట్టినాను, ముప్పై ఆరుకాడ తప్పిపోయింది.
తల వంచుకోనుంటే డాక్టరమ్మ మొకం కనపడలా,
ఆకుపచ్చ చెప్పులే కనపడినాయి.
నాకాడ కూర్చున్నోళ్ళకు నేనూ ఇంతేనేమో,
రెండు పాదాలు, ఒక చల్లటి చెయ్యి.
"కచ్చితంగా వస్తాదని చెప్పలేనమ్మా,
ఊడేది తగ్గినా గెలుపే" అనిందామె.
రేపటిదాకా తల తడపొద్దంట.
రోజంతా ఊరోళ్ళ తలలు తడిపే చేతులు నావి.

తెల్లారి పలమనేరు నుంచి ఒకామె వచ్చింది.
జడ నడుము దాటి ఉండాది.
మూడు కత్తెరలు చాలనింది.
కూర్చోని, కొంచేపుండి,
వద్దు, గుండే కొట్టమనింది.
ఎందుకని నేనడగను, అది మా పనిలో లేదు.
"నొప్పయితాదా అక్కా?"
రోజూ లేదంటాను.
ఈపొద్దు "చలేస్తాది" అన్నాను.

అయిపోయినాక ఆమె తలెత్తి చూసింది.
నా పాపిట్లో ఎర్రటి చుక్కలు.
"ఏమయిందక్కా తలలో?"
"మొక్కు" అన్నాను.

అబద్ధమేం కాదు.
ఇంకా మూడు విడతలుండాయి.